హెచ్.ఐ.వి. నివారణలో కండోమ్ పాత్ర: మహిళా సెక్స్ వర్కర్ల అనుభవం చెబుతున్న పాఠాలు

సంగం (శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా) – ప్రత్యేక వ్యాసం

హెచ్.ఐ.వి. నివారణకు మానవాళి చేతిలో ఉన్న సాధనాలలో కండోమ్ అత్యంత సులభమైనది. ధర స్వల్పం. ప్రభుత్వం ఉచితంగా కూడా సరఫరా చేస్తున్నది. ప్రతిసారీ, సక్రమంగా వాడినచో స్త్రీ పురుషుల మధ్య లైంగిక సంపర్కం ద్వారా హెచ్.ఐ.వి. సోకే అవకాశం దాదాపు 80 శాతం తగ్గుతుందని అధ్యయనాలను సమీక్షించిన వైద్య నిపుణులు తేల్చారు. అయినప్పటికీ కండోమ్ పంపిణీ జరిగిన ప్రతిచోటా కండోమ్ వాడకం జరుగలేదు. మహిళా సెక్స్ వర్కర్ల మధ్య మూడు దశాబ్దాలకు పైగా సాగిన నివారణ కార్యక్రమాలు నేర్పిన ప్రధాన పాఠం ఇదే. ఆమె వద్ద కండోమ్ ఉన్నదా అన్నది మొదటి ప్రశ్న మాత్రమే. దానిని వాడవలసిందేనని ఎదుటి వ్యక్తికి చెప్పగల స్థితిలో ఆమె ఉన్నదా అన్నది అసలు ప్రశ్న. ఆ స్థితిని కల్పించడంలో వైద్య శాఖతో పాటు పోలీసు, రెవెన్యూ, సంక్షేమ శాఖలకూ, పత్రికలకూ పాత్ర ఉన్నది. పాత్రికేయుల, అధికారుల సమాచారార్థం ఈ వివరాలు క్రోడీకరించడమైనది.

మండల కేంద్రం నుండి చూచినప్పుడు

పెన్నా నది ఒడ్డున, కృష్ణపట్నం ఓడరేవును నెల్లూరు మీదుగా రాయలసీమకు, కర్ణాటకకు కలిపే 67వ నెంబరు జాతీయ రహదారిపై సంగం ఉన్నది. జిల్లాకు తూర్పున చెన్నై – కోల్‌కతా జాతీయ రహదారి నెల్లూరు, కావలి పట్టణాల మీదుగా సాగుతున్నది. పూర్వం 5వ నెంబరుగా ఉన్న ఆ రహదారికి ప్రస్తుత సంఖ్య 16. వరి, రొయ్య, సరకు రవాణా లారీలు, వాటిపై ఆధారపడిన దాబాలు, కుటుంబాలకు దూరంగా నెలల తరబడి పనిచేసే డ్రైవర్లు, కూలీలు ఇటువంటి రహదారి ప్రాంతాలన్నింటా కనిపిస్తారు. ఏ ఒక్క ఊరినీ, వృత్తినీ వేలెత్తి చూపడం ఇక్కడ ఉద్దేశం కాదు. రాకపోకలు అధికంగా ఉన్నచోట నివారణ సేవలు కూడా అధికంగా అందుబాటులో ఉండాలన్నదే అభిప్రాయం.

మరొక విషయం గమనింపదగినది. ముంబయి, కోల్‌కతా నగరాలలో వలె ఒకే వీధిలో వందలాది మంది నివసించే పరిస్థితి కోస్తా ఆంధ్రలో సాధారణంగా లేదు. ఇక్కడి మహిళలలో అత్యధికులు తమ ఇళ్ల నుండి గాని, బస్టాండ్లు, రహదారులు, లాడ్జీల పరిసరాల నుండి గాని వృత్తి సాగిస్తూ వచ్చారు. చాలామందికి కుటుంబం, పిల్లలు, మరొక కూలిపని ఉన్నాయి. తమ సంగతి ఇంటివారికి, ఇరుగుపొరుగుకు తెలియకుండా కాపాడుకొనడం వీరికి నిత్యావసరం. చిన్న ఊరిలో ఆ అవసరం మరింత తీవ్రం. తెలిసిన మందుల దుకాణంలో కండోమ్ అడగటం, తెలిసినవారు కూర్చున్న ఆసుపత్రి వరండాలో సుఖవ్యాధుల వైద్యానికి వేచి ఉండటం ఆమెకు ఎంత కష్టమో గ్రహించనిదే మండల స్థాయిలో కార్యక్రమం విజయవంతం కాజాలదు.

నేపథ్యం

భారతదేశంలో హెచ్.ఐ.వి. తొలిసారిగా 1986లో నాటి మద్రాసు నగరంలో బయటపడింది. డాక్టర్ సునీతి సాల్మన్ పర్యవేక్షణలో జరిగిన ఆ పరిశోధనలో వైరస్ కనిపించినది సెక్స్ వర్కర్ల రక్త నమూనాలలోనే. దాని ఫలితంగా ఈ మహిళలే వ్యాధికి మూలమన్న అపోహ సమాజంలో బలపడింది. వాస్తవానికి వారికి వైరస్ సోకినది విటుల ద్వారా. ఆ విటుల నుండే అది వారి భార్యలకు, తద్వారా పుట్టబోయే బిడ్డలకు చేరింది. కండోమ్ వాడకం ఈ గొలుసును మొదట్లోనే తెంచుతుంది గనుక సెక్స్ వర్కర్ల ఆరోగ్యానికి జరిగే రక్షణ ఎన్నో కుటుంబాలకు కూడా రక్షణ అవుతున్నది.

1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (న్యాకో) ఏర్పడి తొలి దశ కార్యక్రమం ఆరంభమైనది. 1999లో మొదలైన రెండవ దశలో రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ మండళ్ల ద్వారా, స్వచ్ఛంద సంస్థల సహకారంతో, ముప్పు అధికంగా గల వర్గాలకు ప్రత్యేక సేవలు విస్తరించాయి. 2003లో బిల్ అండ్ మెలిండా గేట్స్ ఫౌండేషన్ ‘ఆవాహన్’ పేరిట 6 రాష్ట్రాలలో నివారణ కార్యక్రమం చేపట్టగా, వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోస్తా జిల్లాలలో హిందుస్థాన్ లేటెక్స్ కుటుంబ నియంత్రణ ప్రోత్సాహక ట్రస్టు దీనిని నిర్వహించింది. 2000ల దశకం చివరి నుండి ఈ కేంద్రాలను దశలవారీగా ప్రభుత్వ కార్యక్రమంలో విలీనం చేయడం జరిగింది.

గణాంకాలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్.ఐ.వి. తీవ్రత అధికంగా గల రాష్ట్రాలలో ఒకటిగా గుర్తింపబడినది. 2005–06 నాటి మూడవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రంలోని వయోజనులలో 0.97 శాతం మందికి హెచ్.ఐ.వి. ఉన్నట్లు వెల్లడైంది. న్యాకో 2021 అంచనాల ప్రకారం ప్రస్తుత ఆంధ్రప్రదేశ్‌లో ఇది 0.67 శాతం. జాతీయ సగటు 0.21 శాతం. అదే అంచనాలో రాష్ట్రంలో హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారు సుమారు 3.21 లక్షల మంది. సంఖ్యాపరంగా మహారాష్ట్ర తరువాతి స్థానం మనదే.

మహిళా సెక్స్ వర్కర్ల విషయానికి వస్తే, ఆవాహన్ కార్యక్రమంలో భాగంగా ఉమ్మడి రాష్ట్రంలోని 8 జిల్లాలలో 2005–06లో ఒకసారి, 2009లో మరొకసారి రక్త పరీక్షలతో కూడిన సర్వేలు జరిగాయి. నెల్లూరుకు పొరుగున గల ప్రకాశం, చిత్తూరు జిల్లాలు వాటిలో ఉన్నాయి. ఈ రెండు సర్వేల మధ్య హెచ్.ఐ.వి. 17.7 శాతం నుండి 13.2 శాతానికి, సిఫిలిస్ 10.8 శాతం నుండి 6.1 శాతానికి తగ్గాయి. అదే కాలంలో విటులతో కండోమ్ వాడకం గణనీయంగా పెరిగింది. సిఫిలిస్ చికిత్సతో నయమయ్యే వ్యాధి గనుక, దాని తగ్గుదలలో కండోమ్‌తో పాటు క్లినిక్కుల పాత్రను కూడా లెక్కలోకి తీసుకొనవలెను. 2014–15లో న్యాకో నిర్వహించిన సర్వేలో మహిళా సెక్స్ వర్కర్లలో హెచ్.ఐ.వి. జాతీయ స్థాయిలో 2.2 శాతంగాను, ఆంధ్రప్రదేశ్‌లో 6.3 శాతంగాను నమోదైంది. ఆయా సర్వేల పరిధి, పద్ధతి వేరువేరు గనుక ఈ అంకెలను ఒకదానితో ఒకటి నేరుగా పోల్చరాదు. తగ్గుదల నిజమే గాని, జాతీయ సగటు కంటే మన రాష్ట్రం ఎగువనే ఉన్నదన్నది కూడా అంతే నిజం.

కార్యక్రమం పనిచేయు తీరు

ఈ సేవలకు మూలస్తంభం ‘పీర్ ఎడ్యుకేటర్’. అదే వృత్తిలో ఉన్న, లేదా ఉండి మానిన మహిళ శిక్షణ పొంది తోటివారికి మార్గదర్శి అవుతుంది. మూడవ దశ మార్గదర్శకాల ప్రకారం సుమారు 60 మందికి ఒక పీర్ ఎడ్యుకేటర్ ఉంటారు. ఎవరికి వారానికి ఎన్ని కండోమ్‌లు అవసరమో ఆమె అంచనా వేసి అందజేస్తుంది. మూడు నెలలకొకసారి వైద్య పరీక్షకు, ఆరు నెలలకొకసారి హెచ్.ఐ.వి., సిఫిలిస్ పరీక్షలకు వెంట తీసుకొని వెళుతుంది. సుఖవ్యాధుల వలన ఏర్పడే పుండ్లు హెచ్.ఐ.వి. సోకే అవకాశాన్ని పెంచుతాయి. అందువలన ‘సురక్ష’ క్లినిక్కులలో సుఖవ్యాధులకు ఉచిత చికిత్స చేయడం కూడా హెచ్.ఐ.వి. నివారణలో భాగమే.

పరీక్షలో హెచ్.ఐ.వి. ఉన్నట్లు తేలినవారికి ఏ.ఆర్.టి. కేంద్రాలలో ఉచితంగా మందులు ఇస్తారు. దేశంలో ఉచిత ఏ.ఆర్.టి. 2004 ఏప్రిల్ 1న ప్రారంభమైనది. పూర్వం రోగనిరోధక కణాల సంఖ్య నిర్ణీత స్థాయికి పడిపోయిన తరువాతనే మందులు ఇచ్చేవారు. 2017 నుండి హెచ్.ఐ.వి. నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరికీ వెంటనే చికిత్స ఆరంభించే విధానం అమలులోకి వచ్చింది. క్రమం తప్పక మందులు వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గినవారి నుండి లైంగిక సంపర్కం ద్వారా హెచ్.ఐ.వి. ఇతరులకు సోకదు. అయితే ఇతర సుఖవ్యాధుల నుండి, అవాంఛిత గర్భం నుండి రక్షణకు కండోమ్ అవసరం తొలగిపోదు.

వాడకం ఎక్కడ ఆగిపోతున్నది

కండోమ్ చేతిలో ఉండి కూడా వాడలేని సందర్భాలను కార్యక్రమ అనుభవం ఈ విధంగా విభజిస్తున్నది.

మొదటిది, ఆర్థిక అవసరం. కండోమ్ లేకుండా అంగీకరించినచో విటుడు ఎక్కువ సొమ్ము ఇవ్వజూపుతాడు. వడ్డీ వ్యాపారి వాకిట నిలిచిన రోజున, పిల్లల ఫీజు గడువు ముగిసిన రోజున ఆ సొమ్మును తిరస్కరించడం సులభం కాదు. 2000ల దశకం మధ్యలో రాజమండ్రి ప్రాంతంలో జరిగిన అధ్యయనాలు అప్పుల భారానికి, రక్షణ లేని సంపర్కానికి, హింసకు గల సంబంధాన్ని స్పష్టంగా చూపాయి. పొదుపు సంఘంలో సభ్యత్వం, బ్యాంకు ఖాతా, రేషన్ కార్డు వంటివి ఆరోగ్య కార్యక్రమంతో సంబంధం లేనివిగా కనిపించవచ్చును. వాస్తవానికి ‘వద్దు’ అనగల ధైర్యం వాటి నుండే వస్తుంది.

రెండవది, హింస. తాగి వచ్చిన వ్యక్తి, ఒక్కరుగా పిలిచి పలువురుగా ఎదురుపడిన వ్యక్తులు ఆమె మాట వినరు. అట్టి సమయంలో వెంటనే ఫోను చేయగల తోటివారు, ఫిర్యాదు స్వీకరించే పోలీసు స్టేషను ఉన్నాయన్న నమ్మకమే ఆమెకు అండ. అత్యాచారానికి గురైన ఏ మహిళకైనా 72 గంటలలోపు హెచ్.ఐ.వి. నివారక మందులు ఆరంభించి 28 రోజులు వాడవలసి ఉన్నది. సెక్స్ వర్కర్ అన్న కారణంతో ఈ సేవను నిరాకరించరాదు.

మూడవది, పోలీసు భయం. సంచీలోని కండోమ్‌నే నేరానికి సాక్ష్యంగా చూపినంతకాలం ఆమె వాటిని వెంట ఉంచుకొనదు. రాజమండ్రి ప్రాంతంలోనే జరిగిన మరొక అధ్యయనంలో పోలీసుల వలన ఇబ్బందులు ఎదుర్కొన్న మహిళలలో కండోమ్ వాడకం నిలకడగా లేదని, సుఖవ్యాధి లక్షణాలు అధికమని తేలింది. ఒక శాఖ పంచిన కండోమ్‌ను మరొక శాఖ భయంతో పారవేయించడం ప్రజాధనానికి కూడా నష్టమే.

నాలుగవది, తక్కువగా చర్చకు వచ్చేది, సాన్నిహిత్యం. కొత్త విటులతో కండోమ్ తప్పనిసరి చేసిన మహిళ కూడా భర్త వద్ద, లేదా భర్తతో సమానంగా భావించే వ్యక్తి వద్ద ఆ మాట ఎత్తడానికి వెనుకాడుతుంది. ఎత్తినచో నమ్మకం లేదన్న నింద వస్తుంది. అన్ని సర్వేలలోనూ కండోమ్ వాడకం అతి తక్కువగా కనిపించేది ఈ బంధంలోనే. ఇక్కడ ఆమెకు ఉపదేశం చేసి ప్రయోజనం లేదు. ఆ పురుషుని కూడా కౌన్సెలింగుకు, పరీక్షకు రప్పించడమే మార్గం.

ఇతర ప్రాంతాల అనుభవం

థాయ్‌లాండ్ 1989లో రాచబురి రాష్ట్రంలో మొదలుపెట్టి 1991 నాటికి దేశమంతటా ‘నూరు శాతం కండోమ్’ విధానం అమలు చేసింది. కండోమ్ లేనిదే ఏ వృత్తి గృహంలోనూ సేవ లేదన్న నిబంధనను యజమానులే పాటించవలసి వచ్చింది. విటుడు మరొకచోటికి పోయినా అదే సమాధానం లభించేది. కోల్‌కతా సోనాగాచీలో డాక్టర్ స్మరజిత్ జానా 1992లో ఆరంభించిన కార్యక్రమం మరొక దారి తొక్కింది. అక్కడి మహిళలే 1995లో దుర్బార్ మహిళా సమన్వయ కమిటీగా సంఘటితమై కండోమ్ నిబంధనను తమ ఉమ్మడి నిర్ణయంగా మార్చుకొన్నారు. ఒక్కరు కాదన్న విటుని మరొకరు అంగీకరించనప్పుడు బేరమాడే శక్తి మహిళల వైపునకు మళ్లుతుంది.

ఇళ్ల నుండి, రహదారుల నుండి వృత్తి సాగే మన ప్రాంతానికి థాయ్‌లాండ్ నమూనా యథాతథంగా పొసగదు. అమలు చేయించడానికి ఇక్కడ వృత్తి గృహాలు, యజమానులు లేరు. సంఘటిత నమూనాయే మనకు చేరువ. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆవాహన్ కాలంలో మహిళా సమూహాలను ఏర్పరచడం కార్యక్రమంలో భాగంగా సాగింది. ఆవాహన్ కార్యక్రమం వలన 2003–2008 మధ్య 6 రాష్ట్రాలలో కలిపి దాదాపు 1 లక్ష కొత్త ఇన్ఫెక్షన్లు నివారింపబడినట్లు 2011లో ప్రచురితమైన ఒక పరిశోధన అంచనా వేసింది.

చట్టం ఏమి చెబుతున్నది

1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం (పీటా చట్టం) వృత్తి గృహం నడపడాన్ని, మహిళలను ఆ వృత్తిలోకి దించడాన్ని, బహిరంగ ప్రదేశాలలో విటులను ఆహ్వానించడాన్ని శిక్షార్హం చేసింది. వయోజన మహిళ స్వచ్ఛందంగా వృత్తిలో ఉండటమే నేరమని ఆ చట్టం చెప్పలేదు.

2018 సెప్టెంబరు 10 నుండి అమలులోకి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ (నివారణ, నియంత్రణ) చట్టం, 2017 ఈ విషయంలో మరింత స్పష్టత ఇచ్చింది. దాని 22వ సెక్షను ప్రకారం, కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలకు లోబడి హెచ్.ఐ.వి. ముప్పు తగ్గించేందుకు చేపట్టే చర్యలు నేరం కావు. సెక్స్ వర్కర్‌కు గాని, ఆమె విటునికి గాని కండోమ్ అందజేయడాన్ని చట్టమే ఉదాహరణగా పేర్కొని, ఇచ్చినవారు, తీసుకొన్నవారు, వాడినవారు ఎవరూ బాధ్యులు కారని తెలిపింది. సమ్మతి లేనిదే పరీక్ష చేయరాదని, హెచ్.ఐ.వి. స్థితిని వెల్లడించరాదని, ఫిర్యాదుల విచారణకు ప్రతి రాష్ట్రం అంబుడ్స్‌మన్‌ను నియమించవలెనని కూడా ఇదే చట్టం నిర్దేశించింది. హెచ్.ఐ.వి. ఉన్నవారిపై ద్వేషం రగిలించే ప్రచురణకు 3 నెలల నుండి 2 సంవత్సరాల వరకు జైలు, 1 లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధింపవచ్చును.

బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం 2022 మే 19న ఇచ్చిన ఉత్తర్వులు ప్రతి పోలీసు స్టేషనులోనూ ఉండదగినవి. సెక్స్ వర్కర్లు తమ ఆరోగ్య రక్షణకై వాడే కండోమ్ వంటి వాటిని నేరంగా గాని, నేరానికి సాక్ష్యంగా గాని పరిగణించరాదని న్యాయస్థానం ఆదేశించింది. లైంగిక దాడికి గురైన సెక్స్ వర్కర్‌కు ఇతర బాధితులతో సమానంగా వైద్య సహాయం అందవలెనని, దాడులు, అరెస్టుల సందర్భంగా వారి పేర్లు, ఫొటోలు పత్రికలలో వెలువడకుండా ప్రెస్ కౌన్సిల్ మార్గదర్శకాలు జారీ చేయవలెనని కూడా పేర్కొన్నది. చిరునామా రుజువు లేనివారికి న్యాకో గెజిటెడ్ అధికారి, లేదా రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ మండలి ప్రాజెక్టు డైరెక్టరు ధ్రువీకరణతో ఆధార్ కార్డు ఇచ్చే ఏర్పాటును అదే ఉత్తర్వులో పొందుపరిచింది. అంతకు ముందు, కరోనా కాలంలో, గుర్తింపు పత్రాల కోసం పట్టుబట్టకుండా వీరికి రేషన్ సరుకులు అందించవలెనని 2020 సెప్టెంబరులో ఇదే న్యాయస్థానం రాష్ట్రాలను ఆదేశించింది.

మారిన పరిస్థితులు

కార్యక్రమం రూపొందిన తొలి రోజులలో బస్టాండు, రైల్వే స్టేషను, దాబా వంటి చోట్ల మహిళలను కలిసి కండోమ్‌లు అందించేవారు. సెల్‌ఫోను వాడకం పెరిగిన కొద్దీ బేరసారాలు ఫోను మీదికి మారాయి. రహదారి పక్కన నిలబడేవారి సంఖ్యను చూచి వృత్తిలో ఉన్నవారి సంఖ్యను లెక్కించడం ఇక సాధ్యం కాదు. ఒంటరిగా, అపరిచిత ప్రదేశానికి వెళ్లే మహిళకు తోటివారి అండ కూడా తగ్గుతుంది. ఈ మార్పును గుర్తించి, 2021–26 కాలానికి రూపొందిన ఐదవ దశ జాతీయ కార్యక్రమంలో ఫోను, ఇంటర్నెట్ ద్వారా పరిచయమయ్యేవారిని చేరుకొనడానికి ప్రత్యేక వ్యూహాలు చేర్చారు. 2010 నాటితో పోల్చి కొత్త ఇన్ఫెక్షన్లను 80 శాతం తగ్గించడం ఆ దశ లక్ష్యం. సంగం వంటి మండలాలలో ఇంటి నుండి బయటకు రాని మహిళను చేరుకొనడానికి నమ్మకం సంపాదించిన పీర్ ఎడ్యుకేటర్, గోప్యత పాటించే ఏ.ఎన్.ఎం. లేదా ఆశా కార్యకర్త నేటికీ అవసరమే.

సక్రమ వాడకం – గుర్తుంచుకొనవలసినవి

కండోమ్ చిరగడానికి, జారిపోవడానికి చాలావరకు వాడకంలోని పొరపాట్లే కారణం.

– ప్యాకెట్టుపై గడువు తేదీ చూడవలెను. ఎండ తగిలేచోట, పర్సులో నలిగేలా దాచరాదు.
– ప్యాకెట్టును పళ్లతో గాని, కత్తెరతో గాని చింపరాదు.
– చివరి భాగాన్ని నొక్కి గాలి తీసివేసి తొడగవలెను.
– ఒకేసారి రెండు వాడరాదు. రాపిడి వలన రెండూ చిరిగే ప్రమాదం ఉన్నది.
– కొబ్బరినూనె, వేసలైన్ వంటివి రబ్బరును బలహీనపరుస్తాయి. నీటి ఆధారిత జెల్లీ మాత్రమే వాడవలెను.
– ప్రతి సంపర్కానికి కొత్తది వాడి, ముడివేసి, కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయవలెను.

పాత్రికేయులకు, అధికారులకు

దాడుల వార్తలలో మహిళల ముఖాలు, ఊరు, ఇంటిపేరు ప్రచురించినచో ఆ వార్త ఒక్క రోజులో పాతబడుతుంది గాని ఆ కుటుంబానికి కలిగిన నష్టం తీరదు. ఆ ఫొటో చూచిన మరి పదిమంది మహిళలు క్లినిక్కు గడప తొక్కడం మానుకొంటారు. ‘పట్టుబడిన కండోమ్‌లు’ అన్న పదప్రయోగం చట్టానికి విరుద్ధమైన భావనను ప్రచారం చేస్తుంది. హెచ్.ఐ.వి. ఉన్న ప్రతివారినీ ‘ఎయిడ్స్ రోగి’ అనడం శాస్త్రీయంగా కూడా తప్పు. హెచ్.ఐ.వి. అనేది వైరస్. చికిత్స లేనప్పుడు అది దారితీసే చివరి దశ మాత్రమే ఎయిడ్స్.

మండల స్థాయి అధికారులు తమ పరిధిలో చేయగలిగినవి ఖర్చుతో కూడినవి కావు. పీర్ ఎడ్యుకేటర్ గుర్తింపు కార్డును పోలీసు సిబ్బంది గౌరవించడం, కండోమ్ పెట్టెలు ఖాళీగా ఉండకుండా చూడటం, ఆసుపత్రిలో పరీక్షకు వచ్చిన మహిళను పేరుతో గట్టిగా పిలువకుండా ఉండటం, ఆధార్, రేషన్, బ్యాంకు ఖాతా దరఖాస్తులలో వృత్తి ప్రశ్నించకుండా సహాయపడటం వంటివి అందులో ముఖ్యమైనవి. హెచ్.ఐ.వి.కి సంబంధించిన సందేహాలకు ఎవరైనా 1097 ఉచిత ఫోను నెంబరును సంప్రదింపవచ్చును. పేరు చెప్పనవసరం లేదు.

సెక్స్ వర్కర్ చేతిలోని కండోమ్ ఆమెను, ఆమె బిడ్డలను, ఆమెకు పరిచయం లేని మరెందరో గృహిణులను కాపాడుతున్నది. దానిని భయం లేకుండా వెంట ఉంచుకొని, మాట చెల్లేలా వాడగలిగే పరిస్థితి కల్పించడం మాత్రం ఆమె ఒక్కరి బాధ్యత కాదు.